ఆస్పత్రి లోపల సిగ్నల్ ఎవరి బాధ్యత?
వైద్యం డిజిటల్ బాట పట్టినా వార్డుల్లో ఫోన్ పలకడం లేదు. అందరికీ ఉమ్మడిగా ఒకే వైర్‌లెస్ వ్యవస్థ ఉండాలని ట్రాయ్ చెప్పి ఎనిమిదేళ్లు దాటింది. అడ్డం పడుతున్నది సాంకేతికత కాదు, ఒప్పందాలు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఓపీ చీటీ కోసం గంటల తరబడి క్యూలో నిలబడే అవస్థ తప్పించేందుకు 2022 అక్టోబరులో కేంద్రం 'స్కాన్ అండ్ షేర్' విధానం తెచ్చింది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇది మొదట ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాల ఆస్పత్రిలో మొదలైంది. రోగి తన ఫోన్‌తో అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా నేరుగా ఆస్పత్రి కంప్యూటర్‌లోకి వెళ్తాయి. టోకెన్ నంబరు ఫోన్‌కు వస్తుంది. తర్వాత ఈ పద్ధతి దేశమంతటా వేలాది ఆస్పత్రులకు విస్తరించింది.

ఇందులో ఎవరూ పెద్దగా మాట్లాడని షరతు ఒకటుంది. క్యూఆర్ కోడ్ ఉన్న చోట రోగి ఫోన్‌లో డేటా పనిచేయాలి. వందల మంది కిక్కిరిసిన ఓపీ హాల్లో, నాలుగు గోడల మధ్య, ఒక్కోసారి సెల్లార్‌లో కూడా పనిచేయాలి. రోగి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉందా లేదా అన్నంత వరకే పథకం ఆలోచించింది. ఆ ఫోన్‌కు భవనం లోపల సిగ్నల్ అందుతుందా అన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

ఓపీ చీటీ ఒక్కటే కాదు. మందుల దుకాణంలో యూపీఐ చెల్లింపు, ఆరోగ్య బీమా అనుమతి కోసం ఓటీపీ, రక్తం కావాలంటూ బంధువులకు చేసే ఫోన్, ఈసీజీ చిత్రాన్ని పెద్దాస్పత్రి కార్డియాలజిస్టుకు పంపే డ్యూటీ డాక్టర్ వాట్సాప్ సందేశం, అన్నీ ఆ సిగ్నల్ మీదే ఆధారపడ్డాయి. 2025 నాటికి దేశంలో 70 కోట్లకు పైగా ఆభా ఖాతాలు తెరిచారు. ఈ-సంజీవని ద్వారా 30 కోట్లకు పైగా టెలీవైద్య సంప్రదింపులు జరిగాయి. అంకెలు ఇంత వేగంగా పెరిగినా, వాటిని మోయాల్సిన వైర్‌లెస్ వ్యవస్థ చాలా ఆస్పత్రుల్లో గేటు దగ్గరే ఆగిపోతోంది.

ఇది చిన్న ఊళ్ల సమస్య మాత్రమే అనుకోవడానికి లేదు. దేశానికే తలమానికమైన ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ ఇదే పరిస్థితి. హైదరాబాద్ సనత్‌నగర్ ఈఎస్‌ఐసీ వైద్య కళాశాల డీన్‌గా పనిచేసి, 2022లో ఎయిమ్స్ డైరెక్టర్ అయిన డాక్టర్ ఎం.శ్రీనివాస్ 2023లో క్యాంపస్‌ను 5జీకి మార్చాలని ఆదేశించారు. ఆస్పత్రి, క్లినికల్ భవనాల్లో మొబైల్ కనెక్టివిటీ అరకొరగానే ఉందని, చాలాచోట్ల అసలు పనిచేయడం లేదని ఆ ఆదేశంలోనే ఒప్పుకున్నారు. ఆ ఏడాది జూన్ 30ని గడువుగా పెట్టారు.

గోడలే శత్రువులు

సాధారణ ఆఫీసు భవనానికీ ఆస్పత్రికీ రేడియో తరంగాల దృష్టిలో చాలా తేడా ఉంది. ఎక్స్‌రే గదికి మందపాటి ఇటుక గోడ గానీ సీసపు పలకలు గానీ తప్పనిసరి. ఎంఆర్ఐ గదిని బయటి తరంగాలు లోపలికి రాకుండా రాగి రేకుతోనో, మరో లోహంతోనో పూర్తిగా కప్పేస్తారు. రేడియోథెరపీ యంత్రాన్ని మీటరుకు మించిన కాంక్రీటు మధ్య, ఎక్కువగా సెల్లార్‌లోనే పెడతారు. ఆపరేషన్ థియేటర్లు భవనం నడిబొడ్డున, కిటికీలు లేని చోట ఉంటాయి. రోగిని కాపాడేందుకు కట్టిన ఈ నిర్మాణాలన్నీ సిగ్నల్‌ను అడ్డుకునేవే.

5జీ వచ్చాక ఇబ్బంది తగ్గకపోగా కొంత పెరిగింది. మన దేశంలో 5జీకి ప్రధానంగా వాడుతున్నది 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్. తరంగ పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడలను దాటే శక్తి తగ్గుతుంది. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దాటగలిగే గోడ దగ్గర 3.3 గిగాహెర్ట్జ్ తరంగం చతికిలపడుతుంది. మొబైల్ డేటాలో దాదాపు 80 శాతం భవనాల లోపలే ఖర్చవుతోందని టెలికాం రంగం తరచూ చెప్పే అంచనా. ఆ డేటాను అందించే టవర్లు మాత్రం బయటే ఉన్నాయి.

సిగ్నల్ లేని చోట జనం తమ దారి తాము వెతుక్కుంటారు. ఒక్కో విభాగం సొంతంగా రౌటర్ కొనుక్కుంటుంది. రేడియాలజీకి ఒకటి, ల్యాబ్‌కు ఒకటి, బిల్లింగ్‌కు ఒకటి, డాక్టర్ల గదికి మరొకటి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి తగాదా పడని వైఫై ఛానళ్లు మూడే. ఒకే అంతస్తులో పది రౌటర్లు పెడితే అవి ఒకదాని గొంతు మీద మరొకటి అరుస్తున్నట్టే ఉంటుంది. బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్లు కూడా ఆ బ్యాండ్‌లోనే ఉన్నాయి. కొందరు బజారులో దొరికే సిగ్నల్ బూస్టర్లు బిగిస్తారు. అనుమతి లేకుండా వాటిని వాడటం చట్టవిరుద్ధం. పైగా అవి చుట్టుపక్కల టవర్ల పనిని దెబ్బతీస్తాయి.

ఇంకో చిత్రం కూడా ఉంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది. టవర్‌ను చేరుకోవడానికి గట్టిగా అరుస్తుందన్నమాట. పైకప్పులో తక్కువ శక్తి యాంటెనా ఉంటే అదే ఫోన్ గుసగుసలాడితే సరిపోతుంది. కాబట్టి ఐసీయూలో యంత్రాలకు ఆటంకం కలుగుతుందన్న భయంతో యాంటెనాలు వద్దనడం తిరగబడే వాదన. ప్రణాళికతో పెట్టిన యాంటెనా వల్ల రోగి మంచం దగ్గర ఫోన్ వెదజల్లే శక్తి తగ్గుతుంది.

ఉమ్మడి అంటే ఏమిటి?

భవనం లోపల సిగ్నల్ అందించే వ్యవస్థను టెలికాం భాషలో ఇన్-బిల్డింగ్ సొల్యూషన్, సంక్షిప్తంగా ఐబీఎస్ అంటారు. ఒక గదిలో ప్రధాన పరికరాలు ఉంటాయి. అక్కడి నుంచి ఫైబర్ లేదా కోయాక్సియల్ తీగలు ప్రతి అంతస్తుకూ వెళ్తాయి. పైకప్పులో గిన్నె ఆకారంలో ఉండే చిన్న యాంటెనాలు సిగ్నల్‌ను పంచుతాయి. ఒక్కో ఆపరేటర్ తన సొంత వ్యవస్థ వేసుకోవచ్చు. లేదా ఒకే వ్యవస్థలో అందరి సిగ్నళ్లనూ కలిపి పంపవచ్చు. ఈ రెండో దాన్ని ఆపరేటర్ కాని మూడో సంస్థ నిర్మించి, అందరికీ సమాన షరతులతో అద్దెకిస్తే ఆ సంస్థను 'న్యూట్రల్ హోస్ట్' అంటారు.

షాపింగ్ మాల్‌లో దీనివల్ల మిగిలేది డబ్బు. ఆస్పత్రిలో అంతకంటే ముఖ్యమైన కారణం ఉంది. యాంటెనా పెట్టాలంటే ఫాల్స్ సీలింగ్ తెరవాలి. తెరిస్తే ఏళ్ల తరబడి పేరుకున్న ధూళి, అందులోని ఫంగస్ కణాలు కిందకు వస్తాయి. కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి, నెలలు నిండని శిశువులకు అది ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్‌గా మారవచ్చు. అందుకే ఆస్పత్రుల్లో చిన్న మరమ్మతుకైనా ముందు ఇన్ఫెక్షన్ నియంత్రణ బృందం అనుమతి కావాలి. నలుగురు ఆపరేటర్లు నాలుగుసార్లు వచ్చి సీలింగ్ విప్పడానికీ, ఒకేసారి పని ముగించడానికీ మధ్య తేడా ఇక్కడ రూపాయల్లో తేలేది కాదు.

రెండో కారణం రోగి పరిస్థితి. ఒక్క ఆపరేటర్ మాత్రమే ఐబీఎస్ వేసిన ఆస్పత్రిలో మిగతా సిమ్‌లు ఉన్నవారు గాలిలో దీపాలే. మాల్‌లో సిగ్నల్ లేకపోతే బయటికొచ్చి మాట్లాడవచ్చు. మంచం మీద ఉన్నవారు, ఐసీయూ తలుపు దగ్గర పిలుపు కోసం కాచుకున్నవారు అలా వెళ్లలేరు. ఆస్పత్రిలో చేరేటప్పుడు ఎవరూ ఇక్కడ ఏ సిమ్ పనిచేస్తుందని అడిగి రారు.

వైఫై వేరు, మొబైల్ వేరు అన్న విభజన కూడా ఆస్పత్రిలో పూర్తిగా నిలవదు. వార్డులో ఒక మంచం నుంచి మరో మంచానికి తోసుకెళ్లే మానిటర్లు, బార్‌కోడ్ రీడర్లు, నర్సుల ట్యాబ్లెట్లు సాధారణంగా వైఫై మీద నడుస్తాయి. రోగులు, సహాయకులు, డాక్టర్ల ఫోన్లు మొబైల్ నెట్‌వర్క్ మీద ఉంటాయి. రెండింటికీ కావాల్సిన ఫైబర్, గొట్టాలు, పరికరాల గది, యూపీఎస్ కరెంటు మాత్రం ఒకటే. ఉమ్మడిగా ఉండాల్సినది ముందుగా ఈ అడుగు పొర. దానిమీద వైఫై, 4జీ, 5జీ దేనికదే నడుస్తాయి.

సిఫార్సుల దారి, స్వచ్ఛంద మలుపు

ఈ ఆలోచన మన విధాన నిర్ణేతలకు కొత్తది కాదు. భవనాల లోపలికి టెలికాం సంస్థల ప్రవేశంపై ట్రాయ్ 2017 జనవరి 20న సిఫార్సులు ఇచ్చింది. విమానాశ్రయాలు, హోటళ్లు, వాణిజ్య సముదాయాలు, గృహ సముదాయాల వంటి చోట్ల లోపలి మౌలిక వసతులను ఆపరేటర్లు పరస్పరం పంచుకోవడం తప్పనిసరి చేయాలంది. ఇతరులను రానివ్వకుండా భవన యజమానితో ప్రత్యేక ఒప్పందం కుదుర్చుకుంటే దాన్ని లైసెన్సు ఉల్లంఘనగా చూడాలని చెప్పింది. జాతీయ భవన నిర్మాణ స్మృతిలో, నమూనా నిర్మాణ నిబంధనల్లో ఈ ఏర్పాటుకు చోటు కల్పించాలని కోరింది.

నిబంధనల్లో చోటైతే దక్కింది. 2022లో కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ నమూనా నిబంధనలకు అనుబంధం జతచేసి, భవన ప్లాన్‌లోనే ఉమ్మడి టెలికాం వసతులు చూపాలన్న అంశాన్ని చేర్చింది. అయితే నమూనా నిబంధన చట్టం కాదు. దాన్ని రాష్ట్రాలు, పట్టణాభివృద్ధి సంస్థలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుని, అనుమతులిచ్చే అధికారి దాన్ని చూసి సంతకం పెడితేనే అమలవుతుంది. అగ్నిమాపక ఎన్‌ఓసీ లేకుండా ఆస్పత్రి తెరవలేరు. డిజిటల్ కనెక్టివిటీ లేకపోయినా తెరవవచ్చు.

2023 ఫిబ్రవరిలో ట్రాయ్ మరో దారి ఎంచుకుంది. భవనాలకు కనెక్టివిటీని బట్టి నక్షత్రాల రేటింగ్ ఇవ్వాలని సిఫార్సు చేసింది. 2024 అక్టోబరు 25న ఆ మేరకు నియమావళిని నోటిఫై చేసింది. ఫైబర్ సంసిద్ధత, లోపలి మొబైల్ సిగ్నల్, వైఫై వంటివి చూసి ట్రాయ్ దగ్గర నమోదైన ఏజెన్సీలు రేటింగ్ ఇస్తాయి. భవన యజమాని కోరుకుంటేనే ఇది జరుగుతుంది. ఫ్లాట్లు అమ్ముకునే బిల్డర్‌కు ఐదు నక్షత్రాలు ప్రచారానికి పనికొస్తాయి. జిల్లా ఆస్పత్రి సూపరింటెండెంటుకు వాటితో ఏం పని? ఆయన బెడ్లు అమ్మడం లేదు. రేటింగ్ తక్కువ వచ్చిందని రోగులు మానుకోరు. మార్కెట్ పోటీ మీద ఆధారపడిన ఈ మందు, పోటీ లేని చోట పనిచేయదు.

ఉమ్మడి వసతులను ఎవరు నిర్మించాలన్న ప్రశ్నపై 2023 ఆగస్టులో ట్రాయ్ 'డిజిటల్ కనెక్టివిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్రొవైడర్' అనే కొత్త అనుమతి వర్గాన్ని సిఫార్సు చేసింది. అప్పటిదాకా మౌలిక వసతుల సంస్థలు ప్రధానంగా టవర్లు, గొట్టాలు, వాడని ఫైబర్ వంటి నిర్జీవ వసతులకే పరిమితం. కొత్త వర్గంలో స్పెక్ట్రమ్, కోర్ నెట్‌వర్క్ తప్ప యాంటెనాలు, రేడియో పరికరాలు కూడా నిర్మించి అద్దెకివ్వవచ్చు. ఆస్పత్రికి కావాల్సిన న్యూట్రల్ హోస్ట్ పాత్ర సరిగ్గా ఇదే.

ముంబయి నేర్పిన పాఠం

ఉమ్మడి వ్యవస్థ పెట్టగానే అన్నీ సర్దుకుంటాయనుకుంటే ముంబయి వైపు చూడాలి. అక్కడి భూగర్భ మెట్రో మూడో లైను తొలి దశ 2024 అక్టోబరులో, మొత్తం మార్గం 2025 అక్టోబరులో ప్రారంభమయ్యాయి. స్టేషన్లలో, సొరంగాల్లో సిగ్నల్ అందించే పనిని మెట్రో సంస్థ ఒక న్యూట్రల్ హోస్ట్‌కు అప్పగించింది. ఆ షరతులు, ధరలు తమకు గిట్టవని ప్రధాన ఆపరేటర్లు దూరంగా ఉండిపోయారు. తామే కలిసి ఉమ్మడి వ్యవస్థ నిర్మిస్తామంటే అనుమతి ఇవ్వలేదని వారి సంఘం సీఓఏఐ ఆరోపించింది. తగాదా నడిచినన్నాళ్లూ ప్రయాణికులు ఫోన్లలో సిగ్నల్ గీతలు మాయమవడం చూస్తూ కూర్చున్నారు.

2025 డిసెంబరు 25న వాణిజ్య సర్వీసులు మొదలైన నవీ ముంబయి విమానాశ్రయంలోనూ ఇదే కథ. తమ సొంత ఐబీఎస్‌నే వాడుకోవాలంటూ ఒక్కో ఆపరేటర్‌ను నెలకు దాదాపు 92 లక్షల రూపాయలు అడుగుతున్నారన్నది సీఓఏఐ ఫిర్యాదు. నలుగురికీ కలిపితే ఏడాదికి 44 కోట్లు దాటుతుంది.

ఈ వివాదాల్లో ఎవరిది ఒప్పు అన్నది పక్కన పెట్టినా ఒక విషయం తేలుతోంది. నలుగురి గుత్తాధిపత్యాన్ని తప్పించడానికి పెట్టిన ఉమ్మడి వ్యవస్థ, ధర మీద అదుపు లేకపోతే తానే కొత్త గుత్తాధిపతి అవుతుంది. దారి ఒక్కటే ఉన్నచోట ఆ దారి మీద గేటు పెట్టినవాడు ఎంతంటే అంత. 2023 టెలికాం చట్టం మార్గహక్కులను వివక్ష లేకుండా, వీలైనంత వరకు ఒక్కరికే కట్టబెట్టకుండా ఇవ్వాలంటోంది. ఆ చట్టం కింద వచ్చిన 2024 మార్గహక్కుల నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రభుత్వ ఆస్పత్రి ప్రజా ఆస్తి కాబట్టి ఈ సూత్రం దానికీ వర్తిస్తుంది. కానీ భవనం లోపల ఒక ఉమ్మడి వ్యవస్థకు న్యాయమైన అద్దె ఎంత, దాన్ని ఎవరు తేల్చాలి అన్న చోట స్పష్టత కొరవడింది.

ఆస్పత్రుల్లో లెక్క మెట్రోకు తలకిందులుగా ఉంటుంది. విమానాశ్రయంలో ఖరీదైన ప్లాన్లు వాడేవారు ఎక్కువ. అక్కడ సిగ్నల్ లేకపోతే ఆపరేటర్ పరువు పోతుంది. బేరం చేదైనా చివరికి దిగుతారు. జిల్లా ఆస్పత్రి జనరల్ వార్డు నుంచి అదనపు ఆదాయం వస్తుందని ఏ ఆపరేటరూ అనుకోడు. అక్కడ అద్దె ఎక్కువైతే వాళ్లు పోట్లాడరు, నిశ్శబ్దంగా రాకుండా ఉంటారు. అందుకే ఆస్పత్రి ఒప్పందంలో 'ఈ భవనం నుంచి ఎంత రాబట్టవచ్చు' అన్న ప్రశ్నకు చోటు ఉండకూడదు. ఖర్చు, నిర్వహణ, స్వల్ప లాభం మాత్రమే అద్దెకు ప్రాతిపదిక కావాలి.

ఖర్చు ఎవరు భరించాలి?

డబ్బు అసలు లేదనడానికి వీల్లేదు. మారుమూల ప్రాంతాల టెలికాం సేవల కోసం ఉన్న సార్వత్రిక సేవా నిధిని 2023 చట్టం 'డిజిటల్ భారత్ నిధి'గా మార్చింది. ఆ మార్పులో చాలామంది గమనించని మాట ఒకటుంది. సేవలు సరిగా అందని గ్రామీణ, మారుమూల ప్రాంతాలతో పాటు పట్టణ ప్రాంతాలకు కూడా నిధిని ఖర్చు చేయవచ్చని చట్టం అంటోంది. నగరం నడిబొడ్డున ఉన్నా, ప్రభుత్వ ఆస్పత్రి సెల్లార్ సేవలు అందని ప్రాంతమేనని వాదించడానికి ఇప్పుడు చట్టపరంగా ఆస్కారం ఉంది. ఏ రాష్ట్రమైనా ఆ తలుపు తట్టి చూడాల్సింది.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో గ్రామీణ ప్రాంతాల్లోని అన్ని ప్రభుత్వ సెకండరీ పాఠశాలలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. అది భవనం దాకా వచ్చే ఫైబర్. లోపలి గదుల్లోకి దాన్ని పంచే ఏర్పాటు లేకపోతే అది కంప్యూటర్ ఆపరేటర్ బల్ల దగ్గరే ఆగిపోతుంది. చిన్న కేంద్రాలకు ఖరీదైన ఐబీఎస్ అక్కర్లేదు. సరిగ్గా అమర్చిన నాలుగు వైఫై పాయింట్లు చాలు. ఇప్పుడు చాలా ఫోన్లలో వైఫై కాలింగ్ ఉంది కాబట్టి మాటలు కూడా దానిమీదే నడుస్తాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద ఆస్పత్రి ఆవరణలోని చిన్న దుకాణం కూడా లైసెన్సు ఫీజు లేకుండా ప్రజలకు వైఫై పంచవచ్చు. అలాంటి కేంద్రాల నుంచి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఇష్టానుసారం వసూలు చేయకుండా 2025 జూన్‌లో ట్రాయ్ ఛార్జీలకు పరిమితి కూడా విధించింది.

పెద్దాస్పత్రికి మాత్రం ప్రభుత్వమే మొదటి అద్దెదారు కావాలి. ఆస్పత్రి తన సొంత అవసరాలకు, అంటే నర్సుల ట్యాబ్లెట్లకు, మానిటర్లకు, అంతర్గత ఫోన్లకు ఆ వ్యవస్థను వాడుకుంటూ ఏటా స్థిరమైన మొత్తం చెల్లిస్తే నిర్మించే సంస్థకు ధైర్యం వస్తుంది. ఆపరేటర్ల మీద పడే అద్దె భారమూ తగ్గుతుంది.

ఒకే తీగ, వేర్వేరు గదులు

ఉమ్మడి వ్యవస్థపై వైద్యవర్గాలకు ఉన్న అసలు భయం భద్రత. అది అకారణం కాదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. ఓపీ నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా రోజుల తరబడి అంతా చేతిరాతతోనే నడపాల్సి వచ్చింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం వల్లే సర్వర్లు దుండగుల చేతికి చిక్కాయని కేంద్రం తర్వాత పార్లమెంటుకు తెలిపింది. 2017 మేలో 'వానాక్రై' దెబ్బకు ఇంగ్లండ్‌లో కనీసం మూడో వంతు ఎన్‌హెచ్ఎస్ ట్రస్టుల పనులకు అంతరాయం కలిగింది.

రెండు ఘటనల సారం ఒకటే. ప్రమాదం తీగను పంచుకోవడంలో లేదు, తీగ మీద గోడలు కట్టకపోవడంలో ఉంది. ఒకే ఫైబర్ మీద రోగి వినోదానికి చూసే వీడియో, వెంటిలేటర్ అలారం, బిల్లింగ్ లెక్కలు వెళ్లవచ్చు. అయితే ఒకదాన్నుంచి మరొకదానికి దారి ఉండకూడదు. అపార్ట్‌మెంటులో నీటి ట్యాంకు ఒకటే అయినా ఒక ఫ్లాట్ తాళంచెవి మరో ఫ్లాట్‌కు పట్టదు కదా. అతిథి వైఫైలోకి వచ్చిన ఫోన్‌కు ఆస్పత్రి సర్వర్ కనిపించనే కూడదు. పాత విండోస్ మీద నడిచే స్కానింగ్ యంత్రాలను ప్రత్యేక విభాగంలో బంధించి ఉంచాలి. వైఫై పాస్‌వర్డ్‌ను గోడ మీద రాసి పెట్టే అలవాటు పోయి, ప్రతి ఉద్యోగికీ, ప్రతి పరికరానికీ విడి గుర్తింపు రావాలి. విభాగానికొక రౌటర్ ఉన్నచోట ఇవేవీ సాధ్యం కావు. ఎక్కడ ఏముందో తెలిసిన ఒకే వ్యవస్థలోనే సాధ్యం. ఆ రకంగా ప్రణాళికతో కట్టిన ఉమ్మడి నెట్‌వర్క్, నేటి అతుకుల బొంత కంటే సురక్షితం.

ఇప్పుడు దీనికి చట్టపు బరువు కూడా తోడైంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారాన్ని కాపాడే జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. న్యూట్రల్ హోస్ట్ తప్పిదం వల్ల రోగి సమాచారం బయటికి పొక్కితే బాధ్యత ఎవరిదన్నది ఒప్పందంలో ముందే రాసుకోకపోతే ఆ భారం ఆస్పత్రి నెత్తిన పడుతుంది.

రేడియో తరంగాల సమన్వయం విషయంలో అమెరికా అనుభవం గుర్తుంచుకోవాలి. 1998లో డాలస్‌లో ఒక టీవీ కేంద్రం డిజిటల్ ప్రసారాన్ని పరీక్షిస్తే, అదే ఛానల్‌ను వాడుతున్న బేలర్ వైద్య కేంద్రంలో గుండె పర్యవేక్షణ పరికరాలు పెద్ద సంఖ్యలో మూగబోయాయి. తప్పు టీవీ కేంద్రానిదీ కాదు, ఆస్పత్రిదీ కాదు. ఎవరు ఏ తరంగం వాడుతున్నారో రెండోవారికి తెలియకపోవడమే కారణం. ఆ తర్వాత 2000లో అక్కడి నియంత్రణ సంస్థ వైద్య పరికరాలకు ప్రత్యేక స్పెక్ట్రమ్ కేటాయించింది. మన ఆస్పత్రుల్లో కనీసం ప్రతి భవనానికీ ఒక తరంగాల పట్టిక, దాన్ని చూసుకునే ఒక బాధ్యుడు ఉండాలి.

తెలుగు రాష్ట్రాలకు ఇదే అదను

ఈ చర్చ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు ఇప్పుడు ముఖ్యం కావడానికి కారణం కాంక్రీటు. హైదరాబాద్‌లో సనత్‌నగర్, అల్వాల్, కొత్తపేటలో మూడు టిమ్స్ ఆస్పత్రులకు 2022లో శంకుస్థాపన జరిగింది. వరంగల్ పాత జైలు స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి తలపెట్టారు. గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త వైద్య కళాశాలలు ప్రభుత్వమే కట్టాలా, ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలా అన్న వివాదం నడుస్తోంది.

భవనం లేచేటప్పుడు గోడలో ఒక గొట్టం అదనంగా వేయడానికి, ప్రతి అంతస్తులో చిన్న పరికరాల గది వదలడానికి అయ్యే ఖర్చు మొత్తం నిర్మాణ వ్యయంలో లెక్కలోకి రానంత. అదే పని రోగులు చేరాక చేయాలంటే వార్డు ఖాళీ చేయించాలి, సీలింగ్ విప్పాలి, రాత్రిపూట మాత్రమే పనిచేయాలి. ఇప్పటికే ఐబీఎస్ ఉన్న పాత భవనాల అనుభవమూ ఉంది. 4జీ కాలంలో వేసిన అనేక వ్యవస్థల్లోని స్ప్లిటర్లు, యాంటెనాలు 2.7 గిగాహెర్ట్జ్ వరకే పనికొస్తాయి. 3.3 గిగాహెర్ట్జ్ 5జీ వచ్చేసరికి అవి చేతులెత్తేశాయి. కాబట్టి ఈరోజు టెండరు రాసేవారు పరికరాల కంటే ఫైబర్‌కు, గొట్టాలకు ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి. పరికరాలు పదేళ్లలో మారిపోతాయి, గోడలు యాభై ఏళ్లు ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్ వివాదం తేలే తీరుతోనూ ఈ అంశానికి సంబంధం ఉంది. ప్రైవేటు భాగస్వామి నడిపే ఆస్పత్రిలో లోపలి నెట్‌వర్క్ మీద హక్కు ఎవరిది? భాగస్వామి దాన్ని ఒక ఆపరేటర్‌కు కట్టబెట్టవచ్చా? పార్కింగ్, క్యాంటీన్ లాగే సిగ్నల్‌ను కూడా ఆదాయ వనరుగా వేలం వేయవచ్చా? ఒప్పందంలో స్పష్టంగా వద్దని రాయకపోతే అన్నీ చేయవచ్చు. ముంబయిలో జరిగింది అదే.

అందుకే ఆస్పత్రి నిర్మాణ టెండర్లలో కొన్ని షరతులు ముందే ఉండాలి. లోపలి వ్యవస్థ అన్ని ఆపరేటర్లకూ ఒకే ధరకు, ఖర్చు ఆధారంగా అందాలి. ఆ ధరను అందరికీ కనిపించేలా ప్రకటించాలి. బీఎస్ఎన్ఎల్‌తో సహా ఎవరినీ తోసిపుచ్చకూడదు. ఐబీఎస్ పరికరాలు ఆస్పత్రి జనరేటర్, యూపీఎస్ మీద నడవాలి. కరెంటు పోయినప్పుడే ఫోన్ ఎక్కువ అవసరం. ఓపీ హాలు, ఐసీయూ బయటి వరండా, ప్రసూతి వార్డు, బ్లడ్ బ్యాంకు, సెల్లార్ ఇలా ఒక్కో చోట కనీస సిగ్నల్ స్థాయి ఎంత ఉండాలో రాసి, ఏటా కొలిచి, ఆ అంకెను ఆస్పత్రి నోటీసు బోర్డు మీద పెట్టాలి. కొలవని సేవకు జవాబుదారీ ఉండదు.

వీటిలో కొత్త చట్టం కావాల్సినవి దాదాపు లేవు. ట్రాయ్ 2017లో చెప్పింది, నమూనా నిబంధనల్లో ఉంది, నిధి దారీ ఉంది. లోటు ఒక్కటే: ఆస్పత్రి సిగ్నల్ ఆరోగ్య శాఖదా, టెలికాం శాఖదా, ఇంజినీరింగ్ విభాగానిదా, మున్సిపాలిటీదా అన్నది ఎవరూ తేల్చలేదు. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతోంది. ఆక్సిజన్ గొట్టాల విషయంలో కొవిడ్ రెండో అల వచ్చేదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సిగ్నల్ విషయంలో అడగడానికి మరో విపత్తు దాకా ఆగనక్కర్లేదు. గోషామహల్‌లో గోడలకు ప్లాస్టరింగ్ అయ్యేలోగా అడిగితే చాలు.